సైన్సు నవలల మీద మా జేజి అభిప్రాయాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సైన్సు నవలలు చదివే మనిషి ఒక్కరే. మా జేజి, అంటే నాయనమ్మ. ఆమె వాటిని కోరి చదవలేదు. తిరుపతి బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. కుటుంబ కథల నవల ఏదైనా తెమ్మని నన్ను పంపేది. నేను ఎప్పుడు పోయినా వాటిని ఎవరో ఒకరు తీసుకుపోయి ఉండేవాళ్లు. అరలో మిగిలేవి అట్ట మీద రాకెట్టు బొమ్మ ఉన్నవే. ఖాళీ చేతులతో రావడం ఇష్టం లేక నేను వాటినే తెచ్చేవాణ్ణి. పప్పు ఉడికే లోపల చదివినంత చదివి, ఆమె పుస్తకం నాకు అందించేది. అట్లా ఇద్దరం ఒకే పుస్తకం చదివేవాళ్లం, ఆమె ముందు, నేను వెనక.

వాటి మీద ఆమెకు గట్టి అభిప్రాయాలుండేవి. ఏదైనా వరసపెట్టి గుర్తుంచుకోవడం నాకు అప్పటికే అలవాటు కాబట్టి ఇప్పటికీ చెప్పగలను. మొదటిది, ఆకాశం నుంచి దిగేవాళ్లు ఎప్పుడూ ఢిల్లీలోనో మద్రాసులోనో ఎందుకు దిగుతారు, చంద్రగిరి పక్కన అంత బయలు పెట్టుకొని? రెండోది, శాస్త్రవేత్తకు అందమైన కూతురు ఉంటుంది గానీ భార్య ఎందుకుండదు? మూడోది, అన్నానికి బదులు మాత్ర మింగే కథలు. వంట లేని లోకం ఆమెకు బాగానే ఉండేది. కానీ ఊరగాయ లేకుండా వాళ్లు ఎట్లా బతుకుతారో రచయిత చెప్పలేదని ఫిర్యాదు. అన్నిటికంటే పెద్దది నాలుగోది. "కథ రాసే ఆయప్ప ఒక అబద్ధం ఆడొచ్చురా. దాన్ని నేను నమ్ముతా. దాన్ని నిలబెట్టేదానికి ఇంగోటి ఆడినాడంటే మాత్రం పుస్తకం మూసేస్తా" అనేది. నిజంగానే మూసేసేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా, ఆమె సగంలో మూసేసిన నవల ఒకటి నా చేతికొచ్చింది. అందులో వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లకు సొంత ఒళ్లు ఉండదు. మనుషుల ఒంట్లోకి దూరతారు. దూరగానే ఆ మనిషి వెంట్రుకలు రాలిపోతాయి, కొన్నాళ్లు గొంతు పలకదు. కానీ ఆ మనిషికి గుర్తున్నదంతా వాళ్లకూ తెలుస్తుంది, అందువల్ల ఇంట్లోవాళ్లు కనిపెట్టలేరు. ఇంకో ఊళ్లో ఈ కథ చదివిన పిల్లవాడికి ఏమీ అయి ఉండదు. మా ఊళ్లో పొద్దున లేస్తే కొండ దిగి వచ్చే ప్రతి బస్సులోంచీ గుండు చేయించుకున్నవాళ్లు గుంపులుగా దిగుతారు, ఆడా మగా పిల్లలూ, మనకు తెలియని భాషలు మాట్లాడుకుంటూ. వాళ్లు మొక్కు తీర్చుకున్న యాత్రికులని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా, బడికి పోయేటప్పుడు రోడ్డుకు అవతలి పక్కన నడవడం మొదలుపెట్టాను.

అప్పుడు మా అమ్మ ఇంట్లో లేదు. గొంతు దగ్గర గడ్డ లేచిందని నాయన వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఆపరేషను చేస్తారని గానీ, అది బాగా జరిగితే తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుందని గానీ నాకెవరూ చెప్పలేదు. పిల్లవాడు దిగులు పడతాడని వాళ్ల ఉద్దేశం. వాళ్లిద్దరూ వస్తూ వస్తూ కొండకు పోయి మొక్కు తీర్చుకొని ఇంటికి వచ్చారు. వాకిట్లో రిక్షా ఆగింది. నాయన పట్టుకొని దించిన మనిషికి జుట్టు లేదు. నున్నటి తల మీద గంధం. మెడకు కట్టు. ఆమె నన్ను చూసి చేతులు చాచింది, నోరు మాత్రం తెరవలేదు. కొన్నాళ్లు మాట్లాడొద్దని డాక్టరు చెప్పినాడని నాయన అంటూనే ఉన్నాడు. నేను దొడ్లోకి పరుగెత్తి నీళ్లతొట్టి వెనక కూర్చున్నాను.

ఆ తర్వాత కూడా ఆమె దగ్గరికి పోలేదు. నాయన మందలించాడు, నేను ఇంకా ముడుచుకుపోయాను. నా బాధ ఎవరికీ చెప్పుకోలేనిది. అమ్మ ఇక లేదని నాకు ఏడుపు వచ్చేది, కానీ ఇంట్లో ఉన్న ఆ మనిషి ముందు ఏడవకూడదు. ఏడిస్తే నేను కనిపెట్టానని తెలిసిపోతుంది. ఆమె మంచం మీద నుంచి నా వైపు చూసి, కాసేపటికి గోడ వైపు తిరిగి పడుకునేది.

 ఒకరోజు జేజి అనపకాయలు ఒలుస్తూ పక్కన కూర్చోబెట్టుకొని, తాను మూసేసిన పుస్తకంలో తర్వాత ఏమైందని అడిగింది. కథంతా చెప్పాను. చెప్పి, లోపలి గది వైపు చూశాను. జేజికి అర్థమైంది. నవ్వలేదు. అదే నాకు పెద్ద ధైర్యం.

"మనిషి తలకాయలో ఉండేదంతా వాళ్లకు తెలుస్తుందని రాసినాడు. సరే, అది ఆయప్ప అబద్ధం, ఒప్పుకుంటా. మరి చేతుల్లో ఉండేది?"

చేతుల గురించి ఏమీ రాయలేదన్నాను.

"రాయలేదంటే వాళ్లకు తెలీదు. ఈ పొద్దు సంగటి ముద్దలు మీయమ్మ చేత చేయిస్తా. నువ్వు గమ్మున సూస్తా ఉండు."

మధ్యాహ్నం రాగిసంగటి గెలికి, చెయ్యి కాలుతోందని వంక పెట్టి కోడల్ని పిలిచింది. అమ్మ మెల్లగా వచ్చి కూర్చొని చేతులు తడుపుకుంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. నాయనకు ఒక ముద్ద, జేజికి ఒక ముద్ద చేసింది. మూడోది నాది. దాన్ని పళ్లెంలో పెట్టి, వేళ్లకు అంటిన సంగటంతా గీకి, నిమ్మకాయంత చిన్న ముద్ద చేసి పెద్దదానికి ఆనించి పెట్టింది. నేను బాగా చిన్నవాడిగా ఉన్నప్పుడు తల్లి ముద్ద పక్కన పిల్ల ముద్ద లేకపోతే పళ్లెం ముట్టేవాణ్ణి కానట. బడికి పోయే వయసొచ్చాక వద్దని కూడా చెప్పాను. ఆమె మానలేదు. అది పెట్టేటప్పుడు ఆమె దానివైపు చూడలేదు, నావైపూ చూడలేదు. పక్కనున్న పులుసు గిన్నె కోసం చూస్తోంది.

నా లోపల ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయిన మర ఒకటి వదులైంది. పోయి నా మోకాలు ఆమె మోకాలికి తగిలేట్టు కూర్చున్నాను. ఆమె తడిచేయి నా తల మీద పెట్టింది.  జేజి ఏమీ పట్టనట్టు పులుసు పోస్తూ పోయింది.

అమ్మకు గొంతు వచ్చాక జేజి సంగతంతా చెప్పేసింది. అమ్మ బొంగురు గొంతుతో, "నీతో యేగేదానికి ఆ చుక్కలోళ్లకు ఓపిక యాడుండాదిరా" అంది. నాయన అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

తర్వాత నేను పాలిటెక్నిక్ చదివాను, యంత్రాల మధ్య బతికాను. చేతుల అలవాటు కూడా తలలోనే ఉంటుందని నాకు తెలుసు. ఆ పొద్దు నేను ఆ మాట అని ఉంటే జేజి వాదన నిలబడేది కాదు. ఆమెకు కావలసింది వాదన నెగ్గడం కాదు, నన్ను ఆ వంటింట్లో నిలబెట్టి చూపించడం.

జబ్బు చేసి లేచినవాళ్లను చూడటానికి పోయినప్పుడు నాకు ఇప్పటికీ మొదట జంకు కలుగుతుంది. మొహం మారిపోయి ఉంటుంది, గొంతు వేరేగా ఉంటుంది. పక్కన కూర్చుని వాళ్ల చేతుల వైపు చూస్తాను. నాయన చివరి రోజుల్లో నన్నెవరో గుర్తుపట్టలేదు. నేను పోయొస్తానని లేస్తే మాత్రం, దగ్గరికి రమ్మని సైగ చేసి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టే నా చొక్కా కాలరు సరిచేసి పంపేవాడు. నాకు అది చాలింది.