తీగ వెంట నడిచిన లైన్‌మన్ అన్న

పోయిన మంగళవారం ఉదయం ఖాజాగూడ నుంచి ఫోన్ వచ్చింది. "అత్తమ్మా, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి మల్ల పండుకున్నడు, గంతే" అంది లైన్‌మన్ అన్న కూతురు. దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చి పది రోజులే అయింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల కూడా పెట్టేయలేదు.

ఆయన నాకు బంధువు కాదు. టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. నలభై ఏళ్లకు పైగా ఆయన్ని అన్నా అనే పిలిచాను. మొదట్లో, మా కృష్ణా జిల్లా అలవాటు కొద్దీ, "లైన్‌మన్ గారూ" అంటే నవ్వాడు. "గారు ఏందమ్మా, స్తంభాలెక్కెటోనికి? అన్నా అను, చాలు."

డెబ్బైల చివరి సంగతి. ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ మేర అంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు. మా విశ్వవిద్యాలయం ఆ రాళ్ల మధ్య కొత్తగా మొదలైంది. నేను పరిశోధక విద్యార్థిని. స్ఫటికాల్లో అణువులు ఎలా అమరి ఉంటాయో లెక్కగట్టడం నా పని. ఆ లెక్కలకు కంప్యూటర్ కావాలి. అది పాతిక కిలోమీటర్ల దూరంలో, నగరానికి అవతల ఒక పరిశోధన సంస్థలో ఉండేది. లెక్కలన్నీ చిల్లులు పొడిచిన అట్టముక్కల మీదకు ఎక్కించి, డబ్బాలో పెట్టుకుని, లింగంపల్లి దాకా నడిచి బస్సెక్కేదాన్ని. ఈరోజు ఇస్తే జవాబు రేపు. ఒక్క కామా తప్పితే జవాబు ఉండదు, తప్పుందన్న కాగితం ఉంటుంది. మళ్లీ బస్సు.

మా ప్రొఫెసర్ గారు ఏడాది పాటు ఉత్తరాలు రాసి, అప్పటికే ఉన్న టెలిఫోను తీగల్లో ఒకటి మా కోసం సంపాదించారు. మా గదిలో టైపు మిషన్ లాంటి యంత్రం, ఆ సంస్థలో కంప్యూటర్, మధ్యలో తీగ. మనం టైపు చేసింది అక్కడికి పోతుంది, జవాబు ఇక్కడ కాగితం మీద పడుతుంది. సెకనుకు పది అక్షరాలు. ఈనాటి పిల్లలు నవ్వుతారు గాని, మొదటి అంకె మా గదిలో పడ్డ రోజు మేం తలుపు తీసి వరండాలో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించాం.

మూడో రోజుకే చిక్కు వచ్చింది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఏడు రావాల్సిన చోట ప్రశ్నార్థకం, నాలుగు రావాల్సిన చోట ఏదో అక్షరం. ఫిర్యాదు చేస్తే ఈయన వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. సైకిలు, భుజానికి తోలు సంచి, అందులో పరీక్ష ఫోను. దాన్ని తీగకు తగిలించి విని, "మంచిగనే ఉన్నది గదమ్మా. మాట సాఫ్ ఇనవస్తున్నది" అన్నాడు.

నేను కాగితం చూపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. నేల మీద కూర్చుని, కాగితాన్ని మోకాళ్ల మీద పరుచుకుని వేలితో ఒక్కో వరుసా చూశాడు. "మాట మంచిగ పోతున్నది. లెక్క ఎందుకు ఖరాబైతున్నది?" అని తనలో తనే అనుకున్నాడు. నాకు తెలియదన్నాను.

మర్నాడు డ్యూటీకి పోకముందే మా గదికి వచ్చాడు. "తొవ్వంతా సోచాయించిన. మనిషైతే సగం ఇనవడ్డా తక్కింది తనే కలుపుకుంటడు. నువ్వు రేపొస్తా అన్నవనుకో, నడిమిట్ల గర్రుమన్నా నాకు రేపనే సమజైతది. నీ మిషన్‌కు గట్ల కలుపుకునుడు రాదు. అంతే కదా?"

ప్రొఫెసర్ గారు రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. "అంతేనండి. సరిగ్గా అంతే. ఈ ముక్క పాఠంలో చెప్పడానికి నాకు గంట పడుతుంది."

అర్థమైంది గాని తప్పు ఎక్కడుందో తెలియలేదు. తీగను ఒక్క నెల ప్రయోగానికే ఇచ్చారు. అంకెలు ఇలాగే చెడిపోతే ఈ అవకాశం నగరంలోని ఇంకో కాలేజీకి ఇస్తామని సంస్థ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. అంటే నాకు మళ్లీ అట్టల డబ్బా, బస్సు. థీసిస్ గడువు ముంచుకొస్తోంది. అటువైపు ఎక్స్ఛేంజిలో అధికారి విసిగిపోయి, రాళ్ల గుట్టల భాగం చూసే పెద్ద లైన్‌మన్ అశ్రద్ధే కారణమని తేల్చేశాడు. ఆ పెద్దాయన రిటైరవడానికి కొన్ని నెలలే ఉంది. ఆయన మీద మెమో తయారవుతోందని అన్న మాకు చెప్పాడు. "తప్పెక్కడుందో తెల్వకముందే మనిషిని పట్టుకున్నరు" అన్నాడు.

అప్పుడు ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. ఇద్దరి గడియారాలూ ఒకే టైముకు పెట్టుకున్నాం. కంప్యూటర్ చేత ఒకే అక్షరాన్ని ఆగకుండా పంపించమని సంస్థవాళ్లను అడిగాం. నేను కాగితం ముందు కూర్చుని, అక్షరం ఎప్పుడు చెడితే అప్పుడు నిమిషం రాసుకోవాలి. ఆయన స్తంభం తరవాత స్తంభం ఎక్కి, తీగను చేత్తో కదిపి, స్తంభం నంబరూ నిమిషమూ రాసుకోవాలి. సాయంత్రం రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి రోజు ఏదీ కలవలేదు. రెండో రోజూ అంతే. కానీ ఆయన జాబితాలో స్తంభాల నంబర్లతో పాటు ఇంకేవో గుర్తులుండేవి. ఇవేంటన్నా అంటే, "ఇక్కడ గిజిగాడి గూడుంది. ఇక్కడ తీగ ముట్టుకుంటే సన్నగ మోగుతది. ఎందుకో చూడాలె" అన్నాడు. ఎక్కబోయే ముందు ప్రతి స్తంభానికీ చెవి ఆనించి వినేవాడట. వినబడేది ఏమిటని అడిగితే, "తెల్వదు. అందుకే ఇంట" అన్నాడు.

మూడో రోజు మూడు గంటల ఇరవై నిమిషాలకు నా కాగితం మీద ఒక వరుస మొత్తం చెడింది. ఆయన జాబితాలో ఆ సమయానికి ఏ స్తంభమూ లేదు. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. "నలభై ఒకటో స్తంభం కాడున్న. ఇంకా ఎక్కలే. కింద కూసోని నీళ్లు తాగుతున్న. గాలొచ్చింది, రుమాలు ఎగిరిపోతే ఉరికిన." ఆగి, నెమ్మదిగా అన్నాడు. "గాలి. రెండు బండల సందుల నుంచి మాపటేల గాలి కొడ్తది ఆడ."

మర్నాడు ప్రొఫెసర్ గారూ నేనూ ఆయన వెంట ఖాజాగూడ రాళ్ల దాకా నడిచాం. ఆయన ఎక్కాడు. పైన చాలాసేపు కదలకుండా ఉండిపోయాడు. దిగి వచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. "అతుకు. మెలేసి ఇడిసిండ్రు, టంకం పెట్టలే. తుప్పు పట్టింది. గాలికి కదిలినప్పుడల్లా రవ్వంత ఇడుస్తున్నది."

"ఎవరు చేశారండి?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"నేనే సారు. మూడేండ్ల కింద గాలివానకు తెగింది. ఆ పెద్దమనిషి సెలవుల ఉంటే నేనే వానల ఎక్కి మెలేసిన. ఎండినంక టంకం పెడదామనుకున్న, మరిచిన. అందరి మెలి కుడిదిక్కు తిరుగుతది. నాది ఎడమచెయ్యి. ఆ మెలి ఎడమకున్నది."

మాకైతే ఆ మెలిక ఎటు తిరిగిందో కింది నుంచి కనిపించదు. కనిపించినా తెలియదు. ప్రొఫెసర్ గారు గొంతు తగ్గించి, "ఇప్పుడు టంకం పెట్టేస్తే సరిపోతుంది కదండి. ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నారు.

"ఆ పెద్దమనిషికి మెమో పోతది సారు" అన్నాడాయన. మళ్లీ స్తంభమెక్కి టంకం పెట్టాడు. దిగి, సంచి భుజానికేసుకుని, అక్కడి నుంచే ఎక్స్ఛేంజికి సైకిలు తొక్కాడు.

పెద్దాయన మీద మెమో ఆగింది. అది ఈయనకు వచ్చింది. దాంతోపాటు తాండూరుకు బదిలీ. ప్రొఫెసర్ గారు రాసిన ఉత్తరం పనిచేయలేదు. రెండు నెలల వయసున్న కూతురితో ఆయన భార్య ఖాజాగూడలోనే ఉండిపోయింది. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. "నీకేం ఫికర్ అమ్మా. చెప్పకుంటే ఆయనకు బువ్వ సయించకపోవు" అందామె.

మా గదిలో మాత్రం ఆ వారం మధ్యాహ్నం మూడు దాటాక కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటున్నా, కాగితం మీద అంకెలు వరుసగా, నిక్కచ్చిగా పడుతూనే ఉన్నాయి. చూడాల్సిన మనిషి తాండూరులో ఉన్నాడు. తీగ మాకే మిగిలింది. నా థీసిస్ గడువులో పూర్తయింది.

రెండేళ్ల తరవాత తిరిగొచ్చి, యోగక్షేమాలకన్నా ముందు, "అంకెలు ఎట్లొస్తున్నయి?" అని అడిగాడు. అప్పటికి నేను అక్కడే కంప్యూటర్ విభాగంలో చేరాను. తరవాతి కాలంలో యంత్రాలకు కూడా చెడిన అక్షరాన్ని పట్టుకోవడం, మళ్లీ పంపమని అడగడం నేర్పారు. ఆ పద్ధతి విద్యార్థులకు చెప్పేటప్పుడు ఆయన "రేపొస్తా" ఉదాహరణే చెప్పేదాన్ని. సంగతి చెబితే ఆయన సంతోషించలేదు, ప్రశ్న అడిగాడు. "మల్ల పంపినప్పుడు గూడ చెడితే?"

విశ్వవిద్యాలయాలను ఒకదానితో ఒకటి కలిపే గాజుతీగలు వేయడానికి ఈ దారుల్ని తవ్వినప్పుడు ఆయన రిటైరై ఉన్నాడు. రోజూ వచ్చి గుంతల పక్కన నిలబడేవాడు. గాజులో వెలుతురు పోతుందని చెబితే నమ్మాడు గాని, ఒక్క సెకనులో ఎన్ని పుస్తకాలు పోతాయో చెబితే మాత్రం నమ్మలేదు. "లెక్కపెట్టిండ్రా?" అన్నాడు. మా గదికొచ్చి ఆ గాజుతీగను పరీక్షించడం చూసి, పక్కన కూర్చుని, నాతో ఆ లెక్క మూడుసార్లు చేయించాడు. "చెవి అబద్ధం చెప్తదమ్మా. కాయితం చూపియ్" అన్నది ఆయన మాట. నా జీతం జీవితం ఆ మాట మీదే నడిచింది.

కిందటి నెల దవాఖానలో చూశాను. గుండె కొట్టుకోవడం కొలిచే తీగలు ఛాతీకి అతికించి ఉన్నాయి. మాట సన్నబడింది. నర్సమ్మ వచ్చి గుండె గీతలు కనబడే తెర సరిచేస్తుంటే ఆమెను అడిగాడు.

"ఈ వైరు ఎందాక పోతది బిడ్డా?"

"బయట మా బల్ల దాకా తాతా. అక్కడ కూర్చున్నా నీ గుండె కనవడ్తది."

"నడిమిట్ల ఎన్ని అతుకులున్నయి?"

ఆమె నవ్వి, తెల్వదు తాతా అంది. ఆయన తల పక్కకు తిప్పాడు. తన ఛాతీ మీద మొదలైన తీగ వెంట చూపు మెల్లగా జరిగింది. మంచం పట్టె దాటి, గోడ మీద మేకులు దాటి, తలుపు పైనున్న చిన్న చిల్లి దాకా వెళ్లింది. ఆ చిల్లి అవతల ఏముందో చూడాలన్నట్టు, దిండు మీద నుంచి తల కాస్త ఎత్తాడు.