పెట్రోలు దిగుతుందట!

2010 చలికాలం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో నర్సుగా కొత్తగా చేరాను. ఉదయం నన్ను డ్యూటీకి దింపడానికి మా ఆయన మోటార్‌సైకిల్ తీస్తే, చలికి బిగుసుకుపోయి ఎంతకీ స్టార్ట్ కాలేదు.

"మా నాన్న స్కూటర్‌ని పక్కకి వంచేవాడు. పెట్రోలు దిగుతుంది" అన్నారు.

"కింద ఐసుందండీ, వద్దు" అంటే వింటేగా! నన్ను అటుపక్క పట్టుకోమని వంచేశారు. కాలు జారి, అంత బరువైన బండినీ నా పాదం మీద పడేశారు. నేను కేకలు పెడుతుంటే, "ఒక్క నిమిషం ఓర్చుకో, పెట్రోలు దిగుతోంది" అన్నాడు మహానుభావుడు!

డ్యూటీకి వెళ్ళాల్సిన ఆసుపత్రికే అంబులెన్సులో పేషెంటుగా వెళ్ళాను. విరిగిన పాదానికి కట్టు కడుతుండగా ఇంటి నుంచి ఆయన ఫోను. "బండి స్టార్టయింది! చెప్పానా?"

చర్చికెళ్ళేదాన్ని కదా, క్షమించాను. కానీ మంచు పడినప్పుడల్లా ఆ పాదం సలుపుతుంది. మళ్ళీ మొదటి నుంచీ క్షమించాల్సి వస్తోంది.