పెద్దమ్మ తాగని గిన్నె

మా పెద్దమ్మ పోయిన మంగళవారం మధ్యాహ్నం పంజగుట్టలో తన ఇంట్లోనే కన్నుమూసింది. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆమె అడిగిన ఒక్క మాట ఆమె చెవిన పడనే లేదు. చదివేవాళ్లు ఏమీ అనుకోకండి, నాకింకా మనసు చల్లబడలేదు.

అమీర్‌పేటలో మా చర్చి. పెద్దమ్మా, మా అమ్మా వయసులో ఉన్నప్పుడు అక్కడ ప్రభువు బల్ల దగ్గర రెండు గిన్నెలుండేవి. పెద్ద కులాల విశ్వాసులకు వెండిది. వాళ్లంతా తాగి వెళ్లాక మా మాదిగ కుటుంబాలకు సత్తుది. ద్రాక్షారసం మాత్రం ఒకే సీసాలోది! తర్వాతెప్పుడో సత్తు గిన్నెను చప్పుడు లేకుండా తీసేశారు. తప్పయిందని ఎవరూ అనలేదు.

పెద్దమ్మకు ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారమే చర్చికి వెళ్లి పెద్ద కులాలవాళ్ల వరసలో, ముందు బెంచీలో కూర్చుంది. నేను పుట్టాక నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేది, అందుకు ఆమెకు దండం పెడతాను. కానీ బల్ల మాత్రం మళ్లీ ముట్టలేదు. ఒకసారి అయ్యగారు కారణం అడిగారు.

"విరోధముంటే సమాధానపడి రమ్మని మీరే చెప్తరు గదా అయ్యగారూ. నాకు మస్తు విరోధముంది."

ప్రతి క్రిస్మస్‌కూ కమిటీ పెద్దల ఇళ్లకు తానే కేకు పట్టుకెళ్లేది. వాళ్లు ఒక ముక్క నోట్లో పెట్టుకునేదాకా గడపలోంచి కదిలేది కాదు. దారంతా నవ్వుకుంటూ వచ్చేది.

"మాఫ్ చేసెయ్ పెద్దమ్మా, గా ముసలోళ్లంతా పోయిండ్రు" అన్నాను ఒకసారి.

"మాఫ్ చేసుడు నా పని, అడుగుడు వాళ్ల పని. ముందు వాళ్ల పని కానియ్."

రెండు గిన్నెలు పెట్టడం తప్పయిందని ఒప్పుకొమ్మని ఏటా కమిటీకి ఉత్తరం టైపు చేసేది. పాత గాయాలు కెలకొద్దని ఒక్కసారి జవాబొచ్చింది. "గాయం నాది. కెలుకుతనో, కుట్టేస్తనో నా ఇష్టం" అంది.

మట్టి చేసిన మూడో రోజు చర్చి సెక్రటరీగారు మా ఇంటికి వచ్చారు. "ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో పెద్దమ్మగారి ఫొటో ముందు క్షమాపణ చదువుదామనుకుంటున్నామమ్మా. సంఘానికీ గౌరవంగా ఉంటుంది."

"ఫొటోకా? బతికున్నప్పుడు ఏడ బోయిన్రు? ఫొటో అయితే ఎదురు చెప్పదనా?" అన్నాను.

"అది కాదమ్మా... ఆ గిన్నెలో తాగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదా."

లోపలి గదిలోంచి అమ్మ వచ్చింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"నేను తాగిన. నాకు చెప్పు."

ఆయన జేబులోంచి కాగితం తీశారు.

"కాగితమెందుకు? నోటితోని చెప్పు."

ఆయన నుదుట చెమట పట్టింది. ఫ్యాను వేద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను. ఆయన పెదవులు విడివడి మూసుకున్నాయి, మళ్లీ విడివడ్డాయి. అమ్మ వాటి మీది నుంచి చూపు తిప్పలేదు.