తలుపు తెరిచి ఉన్నంతసేపే ఫోను

మా చెరుకు మడి బాన్సువాడకు, బీర్కూర్‌కు మధ్యన ఉంది. అక్కడి బోరు మోటారుకు ఫోనుతో నడిచే స్టార్టర్ డబ్బా పెట్టించాను. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. దానికి ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. లోపలి నుంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా "మోటారు ఆగింది" అని కబురు కూడా చెబుతుంది. ఏడో తరగతిలోనే బడికీ నాకూ పొసగలేదు. అయినా ఒకటి, రెండు వస్తే చాలు, నా వ్యవసాయం సాగిపోతుంది.

నా మడిని ఆనుకొని, గట్టుకు అవతల పల్లంలో మా అక్క భర్త పొలం ఉంటుంది. డబ్బా బిగించిన రోజు బావ వచ్చి దాని చుట్టూ పెళ్లిచూపులకు వచ్చినవాడిలా తిరిగాడు.

"ఏంది బామ్మర్ది, ఫోన్ల నొక్కితె నీళ్లొస్తయా? ఇగ అన్నం గూడ ఫోన్లనే తింటవా?"

"అక్క పదిసార్లు ఫోన్ చేస్తె గాని నువ్వు ఇంటికి రావంట గద బావా. నీకన్న నా మోటారు నయం, ఒక్క రింగుకే ఇంటది."

"ఇంటది, ఇంటది. ఏదో ఒకనాడు ఇనకుంటె తెలుస్తది నీకు."

ఈ వేసవిలో నా భార్య మొక్కు తీర్చడానికి తిరుపతి వెళ్లాం. హైదరాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి విమానం. ఇద్దరికీ అదే మొదటిసారి. పోయేటప్పుడు విమానంలో పనిచేసే అమ్మాయి నవ్వుతూ వచ్చి, ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే చాలంది. నా పక్కాయన ఆ మాట విని తలూపి, విమానం చక్రాల మీద పరుగెత్తేదాకా ఎవరితోనో ప్లాటు బేరమాడాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంతేనా విమానం, మా ఊరి షేరింగ్ ఆటోకు రెక్కలు పెట్టినట్టే ఉంది అనుకున్నాను.

తిరుగు ప్రయాణం నాడు, విమానం కోసం కూర్చున్నచోటే ఒకటి నొక్కి మోటారు వేశాను. మడి తడిసేలోపు మేం ఎక్కి కూర్చుంటాం, అప్పుడు రెండు నొక్కి ఆపేద్దామని నా లెక్క. ఆపడం మాత్రం మరువకూడదు. బావ వరి కోసి, వడ్లను గట్టు కిందనే టార్పాలిన్ పట్టాల మీద ఆరబోశాడు. తేమ తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఎన్నో ఎండలకు ఆరిన ఆ వడ్లను ఆ మధ్యాహ్నమే ట్రాక్టర్‌కు ఎత్తాలి. నా నీళ్లు గట్టు దాటాయంటే ఆ ఎండలన్నీ దండగ.

విమానం ఎక్కాం. నా భార్య ఒడిలో లడ్డూల సంచి ఉంది. విమానంలోని అమ్మాయి వచ్చి, సంచిని ముందు సీటు కింద పెట్టమంది.

"ప్రసాదం కాళ్ల కాడ పెట్టాల్నా? నువ్వైతే పెడ్తవా బిడ్డా?"

"మరి పైన పెట్టండి మేడమ్."

"పైన ఎవల బూట్ల సంచి ఉన్నదో!"

పైన సంచులన్నీ దింపించి, ఏ సంచిలో బూట్లున్నాయో కనుక్కొని, దాన్ని వేరే అరలోకి సాగనంపి, చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట సాయం చేశాక లడ్డూలకు చోటు దొరికింది. ఆ పంచాయతీ ముగిసి నేను బెల్టు పెట్టుకునేసరికి విమానం తలుపు మూసేశారు. అప్పుడు గుర్తొచ్చింది మోటారు.

ఫోన్ తీశాను. వెంటనే ఆ అమ్మాయి వచ్చింది.

"సర్, ఫోన్ పూర్తిగా స్విచ్ ఆఫ్ చేయండి."

"పోయేటప్పుడు గా అమ్మాయి ఫ్లైట్ మోడ్ సాలన్నది గదమ్మా?"

"అది వేరే ఫ్లైట్ సర్."

"ఫ్లైట్ వేరే గాని, గాలి గదే గద!"

చుట్టూ నవ్వులు. నేనొక్కడినే నవ్వలేదు. "ఒక్క ఫోన్ బిడ్డా. నా మోటారుకు."

"మోటారుకు ఫోనా?"

"అవ్, ఎత్తుతది. మాట్లాడుతది గూడ."

"తలుపు మూశాక కుదరదు సర్. తలుపు తెరిచి ఉన్నంతసేపే ఫోన్. రూల్ రూలే."

ముందు సీటాయన పలక లాంటి పెద్ద ఫోన్‌లో సినిమా చూస్తున్నాడు. అది ఫోన్ కాదు, ట్యాబ్ అన్నాడు. అయితే సరేనట. వెనక నుంచి అదే రంగు చీరలో ఇంకో అమ్మాయి వచ్చి, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా పర్వాలేదని పక్క వరుసకు చెప్పిపోయింది. సీటుకొక రూలు. నా సీటుకు వచ్చింది మాత్రం గట్టిది. ఫోన్ ఆపేశాను.

గుండు చేయించుకున్న తలకు చెమట పడితే మధ్యలో ఆగదని ఆ రోజే తెలిసింది.

"ఏందయ్యా, గట్ల కారిపోతున్నవ్?" అంది నా భార్య.

"మోటారు బంద్ చేయలే."

"అయ్యో! వదినెకు మొఖమెట్ల చూపియ్యాలె? పోయి ఎవలన్న బంద్ చేస్తరేమో."

"డబ్బాకు తాళమేసిన. చెవి గిదిగో, నా జేబుల ఉన్నది."

ఆమె కళ్లు మూసుకొని దేవుణ్ని తలుచుకుంది. నిన్ననే దర్శనం చేసుకొచ్చాం, ఇంకా మరిచిపోయి ఉండడని నాకూ కొంచెం ఆశ.

విమానం కదలలేదు. ముందువైపు ఏదో హడావుడి. తాగే నీళ్ల సీసాల డబ్బాలు ఎక్కించలేదట. మూసిన తలుపు మళ్లీ తెరిచారు.

ఫోన్ ఆన్ చేశాను. అది మెల్లగా కళ్లు తెరిచి, కంపెనీ బొమ్మ చూపించి, రంగులు మార్చి, సంగీతం వాయించింది. ఆ సంగీతానికి ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సర్! చెప్పాను కదా!"

"తలుపు దిక్కు సూడు బిడ్డా."

చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకతను నీళ్ల డబ్బాలు మోసుకొస్తున్నాడు.

"తెరిచి ఉన్నంతసేపే ఫోన్. రూల్ రూలేనంటివి."

ఆమె పెదవి బిగబట్టినా నవ్వు ఆగలేదు. "తొందరగా చేయండి సర్."

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. రింగైంది. రెండు నొక్కాను. ట్యాబ్ ఆయన కూడా సినిమా ఆపి వెనక్కి తిరిగాడు. మా చెరుకు మడిలోంచి ఆ మర్యాదగల గొంతు విమానమంతా వినబడేలా పలికింది: "మోటారు ఆగింది."

"గోవిందా!" అన్నాడు వెనక గుండాయన. "గోవిందా గోవింద!" అన్నాయి వరుసలో ఉన్న గుండ్లన్నీ. విమానం వాళ్లు నీళ్ల కోసం తలుపు తెరిచారు, నేను నీళ్లు ఆపాను. ఆపి, ఆ అమ్మాయి ముందే దర్జాగా ఫోన్ స్విచ్ ఆఫ్ చేశాను.

అయినా గాల్లో ఉన్నంతసేపు ఒకటే ఫికర్. ఆపడమైతే ఆపాను, నీళ్లు అప్పటికే గట్టు దాటి ఉంటే? హైదరాబాద్‌లో చక్రాలు నేలను తాకాయో లేదో, విమానం నిండా ఫోన్లు మోగాయి. ఇప్పుడు ఏ చీరా రాలేదు, ఏ రూలూ రాలేదు. నేను ఫోన్ ఆన్ చేయగానే బావే చేశాడు.

"యాడ వోయినవ్‌రా, ఫోన్ బంద్ వెట్టుకొని! నీ నీళ్లు గట్టు అంచుదాక వచ్చినయ్. పార వట్టుకొని నిలవడ్డ!"

"మల్ల వడ్లు?"

"గింజ తడవలే. నీళ్లు అంచుకొచ్చి ఆగినయ్. కరెంటు వోయినట్టున్నది. నా అదృష్టం. ఇప్పుడే ట్రాక్టర్‌కెత్తినం."

నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను. "కరెంటు వోలే బావా. నేనే బంద్ చేసిన. ఇమానంల కూసోని."



"ఇమానంల ఫోన్ చేయనియ్యరంట గద?"

"తలుపు తెరిచి ఉంటె చేయనిస్తరు."

"నీ నోటికి తలుపే లేదు గదరా!" అని ఫోన్ పెట్టేశాడు.

వడ్లు అమ్ముడుపోయాక బావ మోటారుకూ ఒక డబ్బా వచ్చింది. నేను చూడకూడదని పొద్దున్నే బిగించుకున్నాడు. ఇప్పటికీ మోటారు వేయాలంటే నడుచుకుంటూ పొలానికి వస్తాడు, డబ్బా ఎదురుగా నిలబడి, దాన్నే చూస్తూ ఫోన్ చేస్తాడు. నేను గట్టు మీద నుంచి చేయి ఊపి కేకేస్తాను.

"బావా, తలుపు తెరిచే ఉన్నదా?"