మా వీధిలో మొదట కొట్టేసిన తిన్నె

మా చిన్నప్పుడు... వాన పడుతుంటే, బడి నుంచి వచ్చే పిల్లలమంతా వీధి మొదట్లోనే తిన్నె ఎక్కేసేవాళ్ళం. ఇక చివరి ఇంటిదాకా నేల మీద కాలు పెట్టే పనే లేదు. ఒకరి తిన్నె అయిపోయే చోట ఇంకొకరిది మొదలయ్యేది.

తిరుపతి పాత ఊళ్ళో, గోవిందరాజస్వామి గుడి వెనక ఇరుకు వీధి మాది. అరుగును మా వైపు తిన్నె అంటాం. అన్నీ నాటు పెంకుల ఇళ్ళు... వీధిలోకి వాలిన చూరు, దాన్ని మోసే కొయ్య స్తంభాలు, కింద సున్నపు గచ్చు తిన్నెలు. వేసవిలో వాటి మీద పడుకుంటే వీపు చల్లగా ఉండేది. ప్రతి తిన్నెకూ ఒక చివర గచ్చుతోనే తలగడలాగా కాస్త ఎత్తు చేసి ఉండేది. అది ఇంట్లోవాళ్ళ కోసం కాదు... కొండకు నడిచి వచ్చేవాళ్ళ కోసం! కట్టేటప్పుడే, రాబోయే మనిషి ఎవరో తెలియకుండానే తల పెట్టుకోవడానికి చోటు కట్టారు మా పెద్దలు.

పెరటాసి నెల వస్తే, అంటే అరవదేశం నుంచి జనం కొండకు నడిచొచ్చే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో, తిన్నెలన్నీ యాత్రికుల పసుపు గుడ్డలే. మా తిన్నెకు వచ్చేది ముత్తమ్మ గుంపు. తమిళనాడులో ఆరణి దగ్గర పల్లె వాళ్ళది, నేతపని చేసే తెలుగువాళ్ళు. ఏటా మా తిన్నె మీదే అలుపు తీర్చుకుని కొండెక్కేవాళ్ళు. మా అవ్వ కుండెడు మజ్జిగ చేసి పెట్టేది. ముత్తమ్మ చిన్న గుడ్డమూటలో వాళ్ళ ఊరి బియ్యం తెచ్చేది. "అక్కా, ఇది మా మడిలోది" అని ఇచ్చేది. ఆ బియ్యంతో అవ్వ పొంగలి చేస్తే వీధంతా వాసన...

తొంభైల్లో మా ఊరికి మిద్దెల పిచ్చి పట్టింది. ఎటు చూసినా లాడ్జీలే. బస్సు కండక్టరుగా చేసే మా నాయన కూడా ముందు భాగం కొట్టించి, యాత్రికులకు బాడుగకిచ్చే గది కట్టిస్తానన్నాడు.

"ఆ తిన్నె మనది కాదురా, వచ్చేవాళ్ళది" అనింది అవ్వ.

"కాలం యాడుండాది, నువ్వు యాడుండావు మా!" అన్నాడు నాయన.

సమ్మెట దెబ్బలకు గచ్చు ఒక పట్టాన లొంగలేదు. తలగడ దిమ్మె అన్నిటికంటే మొండిది. చివరికి అదీ పోయింది. నాకైతే ఒకటే సంబరం... మాదీ మిద్దె ఇల్లే అని! అది మొదటి వానదాకానే. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి పిల్లలందరూ బురదలోకి దిగి, మళ్ళీ పక్కింటి తిన్నె ఎక్కాల్సి వచ్చింది. "మీ ఇంటికాడే తెగిపోయిందే" అన్నారు. తల ఎత్తలేకపోయాను.

ఆ పెరటాసిలో ఒక మధ్యాహ్నం ముత్తమ్మ గుంపు వచ్చింది. నాయన గది ముందు కుర్చీలో ఉన్నాడు. ఎప్పుడూ డ్యూటీలో ఉండేవాడు కాబట్టి వాళ్ళను ఎరగడు. ముత్తమ్మకేమో చూపు మందగించింది.

"రూము కావాలామ్మా? ఖాళీగానే ఉండాది" అన్నాడు నాయన.

"రూమెందుకప్పా మాకు... ఈడ రుక్కమ్మక్క వాళ్ళు ఉండ్రి కదా. తిన్నె ఉండె. ఇల్లు అమ్మేసుకున్నారా?"

రుక్కమ్మ మా అవ్వ పేరు. నాయనకు అప్పుడు అర్థమైంది ఎవరొచ్చారో. ఆయన ముఖం నల్లబడిపోయింది. లోపలున్న అవ్వను పిలుస్తాడనుకున్నాను...

"అవునమ్మా... అమ్మేసినారు" అన్నాడు.

"అయ్యో, ఏం కష్టమొచ్చెనో! వాళ్ళే ఉండుంటే తిన్నె కొట్టుండరులే" అనింది ముత్తమ్మ. బియ్యం మూట తీసి నాయన చేతిలోనే పెట్టింది. "వాళ్ళు కనపడితే ఇయ్యప్పా. యాడున్నా సల్లగా ఉండాల."

నేను పరుగెత్తబోయాను. తలుపు చాటున నిలబడి అంతా విన్న అవ్వ నా జడ పట్టుకుని ఆపింది.

"వద్దు పాపా... మనమే కొట్టినామని తెలిస్తే ఇంకా బాధపడ్తాది" అనింది. మజ్జిగ కుండ ఆమె పక్కనే ఉంది, నిండుగా.

సాయంత్రం నాయన స్కూటరు వేసుకుని అలిపిరిదాకా వెతుక్కుంటూ పోయాడు. మూట అలాగే తిరిగి తెచ్చాడు. ఆ బియ్యం మా ఇంట్లో పొయ్యెక్కలేదు. ముత్తమ్మ మళ్ళీ రాలేదు... ఎవరింటికని వస్తుంది!

మమ్మల్ని చూసి పక్కింటివాళ్ళు కొట్టించారు, వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు. కొన్నేళ్ళకు వీధిలో ఒక్క తిన్నె మిగల్లేదు. మొదలుపెట్టింది మాత్రం మేమే. పాత తిరుపతి ఇళ్ళ గురించి ఎవరైనా మురిపెంగా మాట్లాడుతుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అవ్వ పోయాక ఆ ఇంటిని మేం నిజంగానే అమ్మేశాం. మొన్న ఆ దారిన పోతుంటే వానొచ్చింది. ఇప్పుడు లాడ్జీ అయిపోయిన మా ఇంటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. "ఈడ నిలబడకూడదు మేడమ్, గెస్టులొస్తారు" అన్నాడు వాచ్‌మన్. ఒకప్పుడు ఇది మా ఇల్లేనని చెబుదామనుకున్నాను... వానలోకి దిగిపోయాను.

మీ వీధిలో ఇంకా ఎక్కడైనా ఒక తిన్నె మిగిలి ఉందా? ఉంటే చెప్పండి... ఒకసారి వచ్చి కూర్చుని పోతాను.