దుప్పటి ఉండ

ఆసుపత్రి వెనక బట్టలుతికే గదిలో ఆమెని అందరూ గిలక్కాయ అనేవాళ్లు. మనవడు పుట్టినా ఆ పేరు పోలేదు. పోవడానికి ఆమె నోరు మూసుకుంటేగా. రోగుల దుప్పట్లు ఇస్త్రీ చేయడం ఆమె పని. వేడికి చేతులు బొబ్బలెక్కేవి. అయినా ఇంటికెళ్లేటప్పుడు మొహం కళకళలాడేదంటే, అది ఇద్దరి చలవ. ఒకరు బట్టలు ఆరేసే పొడుగు మనిషి, నిచ్చెనక్క. ఇంకొకరు మడతలు పెట్టే నిదానపు మనిషి, నత్త.

మధ్యాహ్నం సూపర్‌వైజరు భోజనానికి వెళ్లడం ఆలస్యం, చిరిగిన దుప్పటిని ఉండచుట్టి ముడేసి, తాళ్లమీద ఆరేసిన బట్టల మధ్య నుంచి విసురుకునేవాళ్లు. అవతల ఎవరున్నారో పాదాలు చూసి పోల్చుకోవాలి. నత్త కావాలనే చెప్పులు మార్చేసేది. ఓడినవాళ్లు సూపర్‌వైజరులా నడిచి చూపించాలి. ముగ్గురూ పొట్ట పట్టుకుని నేలమీద కూలబడేవాళ్లు.

తర్వాత ఆరబెట్టే మిషన్ వచ్చింది. తాళ్లు విప్పేశారు. నిచ్చెనక్కనీ నత్తనీ పనిలోంచి తీసేశారు. నత్త వాళ్ల చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. ఇస్త్రీకి మనిషి కావాలి కాబట్టి గిలక్కాయ మిగిలింది. మిషన్ నడపడానికీ మడతలకీ కలిపి కొత్తావిడ వచ్చింది. ఏదడిగినా తల ఊపడమే తప్ప పెదవి విప్పదు.

గిలక్కాయ ఒక్కతే ఆడి చూసింది. ఉండని గోడకి కొట్టింది, పైకెగరేసి పట్టుకుంది. పట్టుకున్నా ఒకటే, జారిపోయినా ఒకటే. సూపర్‌వైజరులా నడిచి వెనక్కి తిరిగితే ఉత్త గోడ.

ఇంట్లో ఒకరోజు తువ్వాలు ముడేసి మొగుడి మీదికి విసిరింది. ఆయన దాన్ని విప్పి, దులిపి, కుర్చీమీద ఆరేసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. వెటకారంగా అడిగి ఉంటే బాగుండేది. పాపం, నిజంగానే కంగారుపడ్డాడు. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆమెకి మాత్రం అన్నం సహించడం మానేసింది. పొద్దున లేస్తే, ఎందుకు లేచానా అనిపించేది.

చివరికి ఉండని సంచిలో పెట్టుకుని నిచ్చెనక్కని వెతుక్కుంటూ వెళ్లింది. అక్క ఎవరింట్లోనో మంచం పట్టిన ముసలాయనకి సేవ చేస్తోంది. గేటు దగ్గరికి వచ్చిన మనిషిని గిలక్కాయ గుర్తుపట్టలేకపోయింది. అంత పొడుగు మనిషీ సగానికి వంగిపోయింది. మంచీచెడ్డా అయ్యాక గిలక్కాయ సంచిలోంచి ఉండ తీసింది.

"ఒక్కసారి పట్టుకో అక్కా."

"ఇప్పుడు ఆటలేంటే? నడుం పడిపోయింది."

"ఒక్కసారి. నీ కాళ్లు పట్టుకుంటా."

అంటూనే విసిరేసింది. అక్క చేతులు లేవలేదు. ఉండ గుండెకి తగిలి కింద పడింది. అక్క దానివైపు చూస్తూ మెల్లగా అంది. "అవన్నీ గుర్తు చెయ్యడానికి రాకే. గుర్తొస్తే ఇక్కడ పని చెయ్యలేను."

లోపల్నుంచి ముసలాయన పిలిచాడు. గేటు మూసుకుంది. గిలక్కాయ ఉండని ఏరుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, వీధి పొడుగునా ఏడుస్తూ నడిచింది. ఎదురొచ్చినవాళ్లు ఎవరో పోయారనుకుని పక్కకి తప్పుకున్నారు.

మర్నాడు సూపర్‌వైజరు అటు వెళ్లగానే, ఆ ఉండని మిషనావిడ మీదికి విసిరింది. ఆవిడ తీసి మురికిబట్టల బుట్టలో పడేసింది. ఆ మర్నాడూ అంతే. మూడోసారి మాత్రం బుట్టలో వెయ్యలేదు. తల తిప్పకుండానే కాలితో ఇటు తన్నింది. ఆటకి తన్నిందో, అడ్డొచ్చిందని తన్నిందో మొహం చూస్తే తెలియదు. అడగడానికి గిలక్కాయకి ధైర్యం చాల్లేదు. కాదంటే ఇక వెళ్లడానికి ఇంకో మనిషి లేదు. ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి, చెమట పట్టిన చేతులు చీరకి తుడుచుకుని, మళ్లీ విసిరింది.