నాన్న పొది నాదే

"ఆడదానివి, నీకెందుకే ఆ కత్తి?" అని మా అన్న అడిగిన రోజే అది నాది కావాలని గట్టిగా అనుకున్నాను. అంతకుముందు అంత పట్టుదలేమీ లేదు.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న నలభై ఏళ్ళు ఊరందరికీ క్షవరాలు చేశాడు. మడతకత్తి, సానరాయి, తోలుపట్టీ పెట్టుకునే ఆయన సంచిని పొది అంటాం. పోయినేడు చేతులు వణకడం మొదలై పని మానేశాడు. అన్న సెలూన్ పెట్టి కొత్త బ్లేళ్ళతో గడ్డాలు గీస్తాడు. వాడికా పొది అక్కర్లేదు. అది నాకు దక్కడం మాత్రం వాడికి ఇష్టంలేదు. అదేం బుద్ధో!

నాన్నకేమో ఆ కత్తితో తప్ప గడ్డం గీయించుకోబుద్ధి కాదు. కత్తి మొద్దుబారిపోయింది. విసుగొచ్చి ఒకరోజు తేల్చేశాడు. "కత్తి నూరి, గాటు పడకుండా నాకు గడ్డం చేసినోళ్ళదే ఈ పొది. కొడుకైనా, కూతురైనా."

అన్న నవ్వాడు. నేను నవ్వలేదు.

మిరపకాయల కాలంలో నేను తొడాలు తీసే కూలికి పోతాను. ఆ సాయంత్రం కల్లం నుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని రాయి ముందేసుకున్నాను. చిన్నప్పటి నుంచీ చూసిన పనే. రాయి తడిపి, కత్తిని బల్లపరుపుగా పెట్టాలి. వెన్నూ అంచూ రెండూ ఆనాలి. అంచు ముందుండేలా తోసి, చివర్లో వెన్ను మీద తిప్పి వెనక్కి లాగాలి. బరువు వేశామా, అంచు పాడైనట్టే. గరగర పోయి సన్నటి చప్పుడు వచ్చేదాకా నూరాను. తోలుపట్టీ మీద లాగి ముంజేతికి ఆనిస్తే వెంట్రుకలు రాలాయి. అబ్బ, ఎంత గర్వం!

నురగ రాసి నాన్న చెంప మీద రెండుసార్లు గీశానో లేదో, "అమ్మో, మంట!" అంటూ లేచాడు. గాటు లేదు. చెంప ఎర్రగా కందింది. నా చేతుల్లోని కారం నురగకీ, రాయికీ, కత్తికీ ఎక్కింది. సబ్బుకి కారం పోదని తెలియని దాన్నా? ఆత్రంలో మర్చిపోయాను.

గుమ్మంలో అన్న పగలబడి నవ్వాడు. "చెప్పానా? ఆ రాయి ఇటియ్యి, కాలవలో పారేస్తా."

"పారెయ్యి చూద్దాం. నీ సెలూన్లో ఒక్క అద్దం మిగలదు" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది కానీ ఏడవలేదు. ఏడిస్తే వాడికి పండగ.

నాన్న చెంపకి మజ్జిగ రాసుకున్నాడు.

మర్నాడు కూలి మానేశాను. చేతులకి కొబ్బరినూనె పట్టించి, శనగపిండితో రుద్ది మూడుసార్లు కడిగాను. రాయినీ కత్తినీ తోమి, మళ్ళీ మొదటి నుంచీ నూరాను. రాయి మీది తడి తీసి నా పెదవికి రాసుకున్నాను. మంట లేదు.

"నాన్నా, మళ్ళీ దీని చేతికి గొంతు అప్పగిస్తావా?" అన్నాడు అన్న.

నాన్న కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. ఒళ్ళో చేతులు వణుకుతున్నాయి. గొంతు మాత్రం కదల్లేదు. నా చెయ్యీ కదల్లేదు. అయ్యాక రెండు చెంపలూ తడిమి చూసుకున్నాడు.

"ఏరా, నువ్వూ కూర్చో. గీస్తుంది."

సెలూన్‌కి టైమైందంటూ అన్న వెళ్ళిపోయాడు. నాన్న పొది తీసి నా చేతిలో పెట్టాడు.

ఆడదాని చేతిలో ఆ కత్తేంటని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అననీ. వారానికి రెండుసార్లు మా నాన్న కళ్ళు మూసుకుని నా ముందు గొంతు చాచి కూర్చుంటాడు.